కొలిన్ జాక్సన్: 110 మీటర్ల హర్డిల్స్‌లో పదిహేడేళ్ళు (తరచుగా అడిగే ప్రశ్నలు)

అథ్లెటిక్స్ గురించి రాసినప్పుడల్లా కొలిన్ జాక్సన్ పేరు వస్తుంది, ఆ వెంటనే పాఠకుల ప్రశ్నలూ వస్తాయి. కొన్ని అతని గురించి, కొన్ని హర్డిల్స్ గురించి. రెండూ కలిపి ఇక్కడ పెట్టాను. ఒకదాని జవాబు తెలిస్తేగానీ ఇంకోటి అర్థం కాదు.

అసలెవరీ కొలిన్ జాక్సన్?

బ్రిటన్ తరఫున 110 మీటర్ల హర్డిల్స్ (దారిలో పెట్టిన పది అడ్డుపట్టీల్ని దాటుకుంటూ పరిగెత్తే పందెం) పరిగెత్తినవాడు. 1993లో 12.91 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ (1993, 1999). వరసగా నాలుగుసార్లు యూరప్ ఛాంపియన్ (1990, 1994, 1998, 2002). ఒలింపిక్స్‌లో మాత్రం ఒకే ఒక్క పతకం, 1988 సియోల్ రజతం. అతని కెరీర్ గురించి జరిగే వాదనలన్నీ ఈ చివరి వాక్యం దగ్గరే మొదలవుతాయి. దాని సంగతి కింద వివరంగా చెప్తాను.

వేల్స్ అంటారు, బ్రిటన్ అంటారు, జమైకా అంటారు. ఏ దేశంవాడు?

మూడూ నిజమే. 1967 ఫిబ్రవరి 18న వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టాడు. తల్లిదండ్రుల మూలాలు జమైకాలో ఉన్నాయి. ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల లాంటి పోటీల్లో బ్రిటన్ ఒకే జట్టు కాబట్టి అక్కడ బ్రిటన్ జెర్సీ. కామన్వెల్త్ క్రీడల్లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ విడివిడిగా దిగుతాయి, అందుకని అక్కడ వేల్స్ జెర్సీ. పాత వీడియోల్లో రంగులు మారుతుంటే కంగారు పడకండి, మనిషి ఒకడే.

ఇంట్లో పేరున్నది అతనొక్కడికే కాదు. అక్క సుజాన్ ప్యాకర్ నటి. బీబీసీ ఆసుపత్రి సీరియల్ 'క్యాజువాల్టీ'లో నర్సు టెస్ పాత్ర ఆమెదే.

110 మీటర్లు, 13.72, 9.14... ఈ వంకర లెక్కలేమిటి?

ఇవి గజాల్లో పుట్టిన లెక్కలు. ఈ పందెం పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో 120 గజాల పరుగుగా స్థిరపడింది. గీత నుంచి తొలి హర్డిల్‌కి 15 గజాలు, హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 10 గజాలు, మొత్తం పది హర్డిళ్ళు, ఎత్తు మూడున్నర అడుగులు. తర్వాత దాన్నే మీటర్లలోకి మార్చారు. అందుకే తొలి హర్డిల్ 13.72 మీటర్ల దగ్గర, మధ్య దూరం 9.14 మీటర్లు, ఎత్తు 1.067 మీటర్లు. 120 గజాలంటే 110 మీటర్లకి కాస్త తక్కువ. ఆ కాస్తా చివర్లో కలిపారు, అలా ఆఖరి హర్డిల్ నుంచి ముగింపు గీతకి 14.02 మీటర్లయింది.

ఈ దూరాలు ఎవరి కోసమూ మారవు. పొడుగువాడైనా పొట్టివాడైనా హర్డిళ్ళ మధ్య మూడే అడుగులు వేయాలి. నాలుగు వేస్తే దాటే కాలు మారిపోతుంది, రెండు వేయడం మనిషి వల్ల కాదు. గీత నుంచి తొలి హర్డిల్‌కి జాక్సన్ కాలంలో దాదాపు అందరూ ఎనిమిది అడుగులు వేసేవారు. ఇప్పుడు పైస్థాయిలో చాలామంది ఏడే వేస్తున్నారు, క్యూబా ఆటగాడు డేరాన్ రోబ్లెస్ లాంటివాళ్ళు ఆ దారి చూపించాక.

అంటే ఈ పరుగులో అడుగు పొడవు పెంచుకుని వేగం పెంచడానికి వీల్లేదు. లయ ఎంత త్వరగా నడిపించగలిగితే అంత వేగం. జాక్సన్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

హర్డిల్ పడిపోతే అవుట్ చేస్తారా?

చేయరు. కావాలని తోస్తేనో, కాలు హర్డిల్ పక్కనుంచి పోతేనో, పక్క లేన్‌లోవాడికి అడ్డమైతేనో తప్పు. మామూలుగా తగిలి పడిపోతే పరుగు సాగుతుంది. హర్డిల్ కింద బరువులుంటాయి. పైన పట్టీ మీద 3.6 నుంచి 4 కిలోల బలం పడితే అది ముందుకి ఒరిగేలా సర్దుతారు. కాబట్టి ప్రతి తాకిడికీ శిక్ష పడుతుంది, రిఫరీ వేయడు, గడియారం వేస్తుంది.

హర్డిల్ మీంచి ఎగరడంలో అతని ప్రత్యేకత ఏమిటి?

ముందు ఆ 'ఎగరడం' అనే మాట పక్కన పెట్టాలి. మంచి హర్డ్లర్ ఎగరడు, పరిగెడుతూ హర్డిల్ మీంచి ఒక పెద్ద అడుగు వేస్తాడు. గాల్లో ఉన్నంతసేపూ వేగం తగ్గుతూనే ఉంటుంది. నేల తగిలితేనే మళ్ళీ తోపు దొరుకుతుంది.

జాక్సన్ ఎత్తు 1.82 మీటర్లు. ఈ పందానికి అది పెద్ద ఎత్తేమీ కాదు. అతని నడుము హర్డిల్ పైపట్టీకన్నా మరీ ఎత్తులో ఉండదు కాబట్టి చిన్న తప్పు జరిగినా మోకాలో మడమో తగులుతుంది. అందుకని అతను పైశరీరాన్ని బాగా ముందుకి వంచి, ముందు కాలిని సూటిగా విసిరి, హర్డిల్ దాటిన మరుక్షణం దాన్ని కిందికి లాగేసేవాడు. వెనక కాలు మోకాలు మడిచి చంక కిందకి వచ్చి, నేరుగా తర్వాతి అడుగుగా దిగేది. హర్డిల్ దాటాక అతను నేల మీద పడినట్టు ఉండదు, అప్పటికే పరుగులో ఉంటాడు. స్లో మోషన్‌లో తల మీద కన్ను పెట్టి చూడండి. పది హర్డిళ్ళ మీదా తల ఎత్తు పెద్దగా మారదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. హర్డిళ్ళు లేని 100 మీటర్లలో అతని ఉత్తమ సమయం 10.29. ఆ ఊపులో 110 మీటర్లు పరిగెత్తితే దాదాపు 11.2 సెకన్లు పడుతుంది. హర్డిళ్ళతో అతను పరిగెత్తింది 12.91. తేడా సుమారు 1.7 సెకన్లు. పది హర్డిళ్ళకి పంచితే ఒక్కోదానికి అతను చెల్లించింది సెకనులో ఆరో వంతు. 10.29 అంటే ప్రపంచ స్థాయి స్ప్రింటర్ వేగమేమీ కాదు. అతనికన్నా వేగంగా పరిగెత్తగల హర్డ్లర్లు ఉండేవాళ్ళు. ఇంత తక్కువ సుంకంతో దాటగలవాళ్ళు మాత్రం లేరు.

'డిప్' అంటారే, అదేమిటి?

ముగింపు గీత దగ్గర ఛాతీని ముందుకి వంచడం. పరుగు ముగిసినట్టు లెక్కించేది మొండెం గీత చేరిన క్షణాన్ని, తలనో కాలినో కాదు. అందరూ వంగుతారు. జాక్సన్ నడుము దగ్గర విరిగినట్టు, చేతులు వెనక్కి విసిరి వంగేవాడు. ముందుగా వంగితే వేగం పోతుంది, ఆలస్యమైతే ఉపయోగం లేదు. ఆ సమయం అతనికి కచ్చితంగా తెలుసు. అదృష్టంతో వచ్చే విద్య కాదది. సాధన చేసి నేర్చుకున్నాడు.

కోచ్ ఎవరు?

మాల్కం ఆర్నల్డ్. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. కార్డిఫ్ రాకముందు ఆయన ఉగాండాలో పనిచేశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ రికార్డుతో గెలిచిన ఉగాండా ఆటగాడు జాన్ అకీ-బువా ఆయన శిష్యుడే. వేల్స్ జాతీయ కోచ్‌గా వచ్చాక జాక్సన్‌ని కుర్రవాడిగా ఉన్నప్పుడే చేరదీశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 2011లో 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ ఛాంపియన్ అయిన డై గ్రీన్ కూడా ఆయన దగ్గర తయారైనవాడే. మూడు తరాల్లో ముగ్గురు హర్డ్లర్లను ప్రపంచం మీద నిలబెట్టిన కోచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు.

పేరు ఎప్పుడు మొదలైంది?

1986లో. ఏథెన్స్‌లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, అదే ఏడాది ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో 13.42తో రజతం. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఎడిన్‌బరోలో గెలిచింది కెనడా ఆటగాడు మార్క్ మెకాయ్. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

ఆ రోజుల్లో బ్రిటన్ పత్రికలు ఎక్కువగా రాసింది జాక్సన్ గురించి కాదు, అతని ఈడువాడే అయిన జాన్ రిడ్జన్ గురించి. ఏథెన్స్‌లో రిడ్జన్ జాక్సన్ వెనక రెండో స్థానంలో వచ్చాడు. మరుసటేడు రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అది తిరగబడింది. అమెరికా ఆటగాడు గ్రెగ్ ఫోస్టర్ గెలవగా రిడ్జన్ రజతం, జాక్సన్ కాంస్యం. గాయాలు లేకపోతే రిడ్జన్ కథ వేరేలా ఉండేది.

1988 సియోల్‌లో జాక్సన్ 13.28తో రజతం గెలిచాడు. స్వర్ణం అమెరికా ఆటగాడు రోజర్ కింగ్‌డమ్‌ది, 12.98. సెకనులో మూడో వంతు దాకా తేడా. అంటే ఆ రోజు జాక్సన్ స్వర్ణం పోగొట్టుకోలేదు. ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడికి ఆ రజతం నిజంగా గెలిచిన పతకమే. 'ఒలింపిక్స్‌లో విఫలమయ్యాడు' అని ఒకే గాటన కట్టేసేవాళ్ళు ఈ పరుగుని మర్చిపోతారు.

1992 బార్సిలోనాలో ఏం జరిగింది?

అతని కెరీర్‌లో నిజంగా చేజారిన ఒలింపిక్స్ ఇదే.

1990లో ఆక్లండ్ కామన్వెల్త్ స్వర్ణం (13.08), స్ప్లిట్‌లో యూరప్ స్వర్ణం. బార్సిలోనాకి వచ్చేసరికి ఫేవరెట్ అతనే. తొలి రౌండ్‌లోనే 13.10 పరిగెత్తాడు. తర్వాతి రౌండ్లలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది. హర్డిల్ మీద నడుము వంచాల్సిన మనిషికి అక్కడ నొప్పి వస్తే చేయగలిగిందేమీ లేదు. ఫైనల్‌లో 13.46తో ఏడో స్థానం.

గెలిచిందెవరు? మార్క్ మెకాయ్. సమయం 13.12. జాక్సన్ తొలి రౌండ్‌లో పరిగెత్తినదానికన్నా 0.02 సెకన్లు ఎక్కువ. పైగా మెకాయ్ ఆ రోజుల్లో సాధన చేసింది కార్డిఫ్‌లో, ఆర్నల్డ్ దగ్గర, జాక్సన్ పక్కనే. 1988 సియోల్‌లో కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్ డోపింగ్‌లో దొరికిపోయిన ఉదంతం తర్వాత ఆ దేశంలో జరిగిన విచారణలో స్టెరాయిడ్లు వాడినట్టు ఒప్పుకుని, నిషేధం గడిపి, మళ్ళీ మొదలుపెట్టడానికి వచ్చినవాడు మెకాయ్. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాకపోవడం ఒక బాధ, అది మన పక్కన కూర్చున్నవాడి నోటికి చేరడం ఇంకో రకం బాధ. అయినా ఇద్దరి స్నేహం చెడలేదు.

అదే ఫైనల్‌లో ఇంకో బ్రిటన్ ఆటగాడు టోనీ జారెట్ నాలుగో స్థానంలో వచ్చాడు. కాంస్యం గెలిచిన జాక్ పియర్స్‌కీ అతనికీ తెరమీద పడిన సమయం ఒకటే, 13.26. ఫోటో చూసి తేల్చారు.

12.91 కథ చెప్పండి.

1993 ఆగస్టు 20, జర్మనీలోని స్టుట్‌గార్ట్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఆ వారం బ్రిటన్‌ది. లిన్‌ఫర్డ్ క్రిస్టీ 100 మీటర్లు 9.87లో గెలిచాడు. ముందురోజే శాలీ గన్నెల్ 400 మీటర్ల హర్డిల్స్‌లో 52.74తో ప్రపంచ రికార్డు పెట్టింది.

జాక్సన్ బ్లాకుల్లోంచి బాగా లేచాడు, తొలి హర్డిల్ దగ్గరే ముందున్నాడు. అతని పరుగులు ఎక్కువ అలాగే ఉంటాయి, మొదటే ఆధిక్యం, తర్వాత ఎవరికీ దొరక్కపోవడం. గాలి సెకనుకి 0.5 మీటర్లు అనుకూలం, నిబంధన అనుమతించేది 2.0 వరకూ. అంటే గాలి మోసుకెళ్ళిన రికార్డు కాదు. గడియారం 12.91 దగ్గర ఆగింది. 1989లో జ్యూరిక్‌లో రోజర్ కింగ్‌డమ్ పెట్టిన 12.92 ఒక్క వందో వంతుతో పోయింది. సియోల్‌లో తనని ఓడించినవాడి రికార్డది.

జారెట్ 13.00తో రజతం, పియర్స్ 13.06తో కాంస్యం. పతకాల వేదిక మీద మొదటి రెండు మెట్లూ బ్రిటన్‌వే.

కథ అక్కడితో అయిపోలేదు. రెండు రోజుల తర్వాత 4×100 రిలేలో మొదటి వంతు జాక్సన్‌ది, రెండోది జారెట్‌ది, ఆ తర్వాత జాన్ రెజిస్, క్రిస్టీ. 37.77తో రజతం. నలుగురిలో ఇద్దరు హర్డ్లర్లున్న జట్టు ఇచ్చిన సమయమది.

ఆ రికార్డు ఎంతకాలం నిలిచింది?

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో చైనా ఆటగాడు లియు షియాంగ్ సరిగ్గా 12.91 పరిగెత్తి సమం చేశాడు. 2006 జులైలో లొసాన్‌లో అతనే 12.88తో దాటాడు. అంటే దాదాపు పదమూడేళ్ళు. ఇప్పటి ప్రపంచ రికార్డు 12.80, అమెరికా ఆటగాడు ఏరిస్ మెరిట్ 2012లో బ్రస్సెల్స్‌లో పెట్టింది. యూరప్‌లో మాత్రం జాక్సన్ గోడ గట్టిగానే నిలిచింది. 2018లో రష్యా ఆటగాడు సెర్గీ షుబెన్‌కోవ్ 12.92 దాకా వచ్చి, ఒక్క వందో వంతు దూరంలో ఆగిపోయాడు.

వరసగా 44 గెలిచాడంటారు, నిజమేనా?

నిజమే. 1993 ఆగస్టు చివర నుంచి 1995 ఫిబ్రవరి దాకా హర్డిల్స్‌లో 44 పరుగులు, ఓటమి లేదు. దారిలో 1994 హెల్సింకి యూరప్ స్వర్ణం, విక్టోరియా కామన్వెల్త్ స్వర్ణం ఉన్నాయి. హర్డిల్స్‌లో ఇది ఎంత కష్టమో చెప్పాలంటే, 100 మీటర్లలో స్టార్ట్ కాస్త చెడినా సర్దుకోవచ్చు. ఇక్కడ పది హర్డిళ్ళలో ఏ ఒక్కటి గట్టిగా తగిలినా అంతే సంగతులు. 44 పరుగులంటే వందలకొద్దీ హర్డిళ్ళు.

ఇండోర్ రికార్డు గురించి ఎందుకంత చెప్తారు?

నా లెక్కలో అతని అసలు కిరీటం అదే కాబట్టి. 1994 మార్చి 6న జర్మనీలోని సిండెల్‌ఫింగెన్‌లో 60 మీటర్ల హర్డిల్స్ 7.30లో పూర్తి చేశాడు. 2021 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లో అమెరికా ఆటగాడు గ్రాంట్ హోలోవే 7.29 పరిగెత్తేదాకా అది చెక్కుచెదరలేదు. దాదాపు ఇరవై ఏడేళ్ళు! ఈ మధ్యలో వచ్చిన లియు షియాంగ్, రోబ్లెస్, మెరిట్ ముగ్గురూ అతని 12.91ని దాటారు, 7.30ని దాటలేకపోయారు.

60 మీటర్లలో హర్డిళ్ళు ఐదే. స్టార్టు, తొలి ఎనిమిది అడుగులు, ఆ ఐదు హర్డిళ్ళు, డిప్. జాక్సన్‌కి అన్నిటికన్నా బాగా వచ్చిన పనులు అవే. అదే నెలలో పారిస్‌లో జరిగిన యూరప్ ఇండోర్ ఛాంపియన్‌షిప్‌లో 60 మీటర్ల హర్డిల్స్‌తోపాటు మామూలు 60 మీటర్లు కూడా గెలిచాడు. హర్డ్లర్ వచ్చి స్ప్రింటర్ల స్వర్ణం ఎత్తుకుపోవడం ఎప్పుడోగానీ జరగదు.

1995 నుంచి 1997 దాకా ఎందుకు వెనకబడ్డాడు?

గాయాలు, అందులో ముఖ్యంగా మోకాలు. 1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీల్లో పరిగెత్తలేదు. అక్కడ అమెరికా ఆటగాడు అలెన్ జాన్సన్ గెలిచి ఆ దశాబ్దపు రెండో సగాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. 1996 అట్లాంటాలో జాన్సన్ 12.95తో స్వర్ణం, జాక్సన్ 13.19తో నాలుగో స్థానం. కాంస్యం వచ్చింది జర్మనీ ఆటగాడు ష్వార్ట్‌హాఫ్‌కి, 13.17తో. 1997 ఏథెన్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్ళీ జాన్సనే, 12.93. కానీ రజతం జాక్సన్‌ది, 13.05. ముప్పై ఏళ్ళ వయసులో, గాయం తర్వాత. అక్కడే తెలిసింది మనిషి ఇంకా అయిపోలేదని.

రెండో ప్రపంచ స్వర్ణం ఎలా వచ్చింది?

1998 బుడాపెస్ట్ యూరప్ ఛాంపియన్‌షిప్‌లో 13.02, పోటీల రికార్డుతో స్వర్ణం. 1999 మార్చిలో జపాన్‌లోని మయెబాషిలో ప్రపంచ ఇండోర్ స్వర్ణం. ఆ టైటిల్ కోసం అంతకుముందు ఎన్నిసార్లు ప్రయత్నించినా దక్కలేదు. ఇండోర్ ప్రపంచ రికార్డు చేతిలో ఉండి, ఇండోర్ ప్రపంచ టైటిల్ లేకుండా ఐదేళ్ళు గడిపాడు. అదే ఏడాది ఆగస్టులో సెవిల్లో 13.04తో ప్రపంచ ఛాంపియన్, వెనకే 13.07తో క్యూబా ఆటగాడు అనియెర్ గార్సియా. తొలి స్వర్ణానికీ మలి స్వర్ణానికీ మధ్య ఆరేళ్ళు. సమయాలు చూస్తే తేడా 0.13 సెకన్లు.

2000 సిడ్నీలో ఆ గార్సియాయే 13.00తో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. జాక్సన్ 13.28తో ఐదో స్థానం. పన్నెండేళ్ళ కిందట రజతం తెచ్చిన సమయం కూడా 13.28. ఈసారి దాంతో పతకం రాలేదు.

ఒలింపిక్ స్వర్ణం లేనివాణ్ణి ఆల్‌టైమ్ గొప్పవాళ్ళలో చేర్చొచ్చా?

అన్నిటికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న ఇది. నా జవాబు: నిస్సందేహంగా చేర్చొచ్చు.

నాలుగు ఒలింపిక్ ఫైనళ్ళు విడివిడిగా చూడండి. సియోల్‌లో తనకన్నా మెరుగైనవాడు ఉన్నాడు. బార్సిలోనాలో గాయం. అట్లాంటాలో మోకాలు పూర్తిగా నయం కాలేదు. సిడ్నీ నాటికి ముప్పై మూడేళ్ళు. ఒత్తిడికి లొంగిపోయాడనే మాట ఒకటి ప్రచారంలో ఉంది. ఒత్తిడికి లొంగే మనిషి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ప్రపంచ రికార్డు పెడతాడా? యూరప్ టైటిల్ నాలుగు విడతలు వరసగా నిలబెట్టుకుంటాడా? నాలుగేళ్ళకి ఒకసారి ఒక్క సాయంత్రం ఒళ్ళు సహకరించాలి, అది ఒలింపిక్స్. జాక్సన్ ఉత్తమ సంవత్సరాలు 1993, 1994, 1998, 1999. క్యాలెండర్ తిరగేస్తే వాటిలో ఒక్కటీ ఒలింపిక్ సంవత్సరం కాదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అలెన్ జాన్సన్‌తో పోలిస్తే వాదన కష్టమవుతుంది. అతనికి ఒలింపిక్ స్వర్ణమూ ఉంది, నాలుగు ప్రపంచ స్వర్ణాలూ ఉన్నాయి. పతకాలు లెక్కపెట్టేవాళ్ళకి జాన్సన్. హర్డిల్ ఎలా దాటాలో నేర్చుకోవాలంటే ఎవరి వీడియో పెట్టాలని కోచ్‌ని అడిగితే మాత్రం జాక్సన్ పేరు ముందు వినిపిస్తుంది.

టోనీ జారెట్‌ని ఎందుకు ఎవరూ తలచుకోరు?

అన్యాయమే. 13.00 పరిగెత్తాడు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో ఒక కాంస్యం, రెండు రజతాలు గెలిచాడు. వేరే దేశంలో పుట్టుంటే ఆ దేశపు హీరో. జాక్సన్ లేని 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో ఎట్టకేలకి స్వర్ణం దక్కింది.

తిండి విషయంలో ఇబ్బంది పడ్డాడని విన్నాం.

అవును, ఆ సంగతి అతనే బయటపెట్టాడు. పోటీల రోజుల్లో బరువు తగ్గాలనే పట్టుదల ఈటింగ్ డిజార్డర్‌గా మారిందని 2003లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. తేలిగ్గా ఉంటే హర్డిల్ మీద తేలిగ్గా పోవచ్చనే ఆలోచన ఈ ఆటలో సహజంగా వచ్చేదే, ప్రమాదమూ అక్కడే. ఆ రోజుల్లో మగ ఆటగాళ్ళలో దీని గురించి నోరు విప్పినవాళ్ళు అరుదు. తాను గే అన్న విషయాన్ని 2017లో స్వీడన్ టీవీ కార్యక్రమంలో బహిరంగంగా చెప్పాడు.

చివరి పరుగు ఎప్పుడు?

2003 మార్చి, బర్మింగ్‌హామ్, ప్రపంచ ఇండోర్ ఛాంపియన్‌షిప్. సొంత ప్రేక్షకుల మధ్య ఐదో స్థానం, గెలిచింది పాత ప్రత్యర్థి అలెన్ జాన్సన్. అంతకుముందు ఏడాది, 2002లో, ముప్పై ఐదేళ్ళ వయసులో వియన్నాలో యూరప్ ఇండోర్ స్వర్ణం, మ్యూనిక్‌లో నాలుగో యూరప్ స్వర్ణం (13.11), మాంచెస్టర్ కామన్వెల్త్‌లో రజతం గెలిచాడు.

తర్వాత ఏం చేశాడు?

బీబీసీలో అథ్లెటిక్స్ విశ్లేషకుడయ్యాడు. 2005లో బీబీసీ డ్యాన్స్ పోటీ 'స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్'లో ఎరిన్ బోగ్ జోడీగా రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం క్రికెటర్ డారెన్ గాఫ్‌కి పోయింది. లయ గురించి ఇంత చెప్పుకున్నాక ఒక ఫాస్ట్ బౌలర్ చేతిలో ఓడిపోవడం కాస్త నవ్వొచ్చే విషయమే. వెన్నెముక గాయాల పరిశోధన కోసం నిధులు సేకరించే 'వింగ్స్ ఫర్ లైఫ్ వరల్డ్ రన్'కి అంతర్జాతీయ రేస్ డైరెక్టర్‌గానూ పనిచేశాడు.

మన జ్యోతి యర్రాజి కూడా 12.91 పరిగెత్తింది కదా, అంటే జాక్సన్‌తో సమానమా?

అంకె ఒకటే, పందెం వేరు. ఆడవాళ్ళది 100 మీటర్లు, హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మధ్య దూరం 8.5 మీటర్లు. రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం కుదరదు.

అయితే ఆ 12.91కి తన కథ తనకుంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో చైనా అమ్మాయి వు యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. మొదట జ్యోతినీ కలిపి తప్పుపట్టారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు, తర్వాత వు యాన్నీ ఫలితం కొట్టేశారు, జ్యోతి కాంస్యం రజతమైంది. అంత గందరగోళం మధ్య బ్లాకుల్లో మళ్ళీ కూర్చుని 12.91 పరిగెత్తడం చిన్న విషయం కాదు. అదే ఏడాది చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో జాతీయ రికార్డు పెట్టింది.

బ్రిటన్‌తో ఒక లంకె కూడా ఉంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి హైదరాబాద్‌లోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందాక, భువనేశ్వర్‌లో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర చేరింది. 13 సెకన్ల గోడ దాటింది ఆ తర్వాతే.

మన మగవాళ్ళు ఎక్కడున్నారు?

మహారాష్ట్ర కుర్రాడు తేజస్ శిర్సే 2024లో ఫిన్లండ్‌లో 13.41తో జాతీయ రికార్డు పెట్టాడు. అతనూ హిల్లియర్ శిష్యుడే. 1986లో పందొమ్మిదేళ్ళ జాక్సన్ ఎడిన్‌బరోలో పరిగెత్తింది 13.42. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పట్లేదు. కార్డిఫ్ కుర్రాడికి అక్కడి నుంచి 12.91కి చేరడానికి ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళూ కోచ్ మారలేదు.

ఏ పరుగులు చూడమంటారు? ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు స్టుట్‌గార్ట్ 1993 ఫైనల్, రెండుసార్లు. మొదటిసారి జాక్సన్‌ని చూడండి, రెండోసారి జారెట్‌ని. 13.00 పరిగెత్తుతున్నవాడు వెనకబడటం చూస్తేగానీ ముందున్నవాడి వేగం తెలియదు. తర్వాత సెవిల్ 1999, అక్కడ గార్సియా పక్కన ఆఖరి హర్డిల్ నుంచి గీత దాకా ఆ 14 మీటర్లు గమనించండి, డిప్ తేడా కనబడుతుంది. ఓపికుంటే బార్సిలోనా 1992 తొలి రౌండూ ఫైనలూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని, హర్డిల్ మీద నడుము ఎంత వంగుతుందో పోల్చి చూడండి. గాయం ఎక్కడ తగిలిందో కామెంటరీ లేకుండానే తెలిసిపోతుంది.